170 గజాల అవతల: బ్యాగులో పైక్లబ్బులు ఎంచుకోవడం ఎలా

(గోల్ఫ్ ఆటగాళ్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ఇవాళ మన విషయం బ్యాగులో పైవైపు ఉండే క్లబ్బులు, అంటే బంతిని ఎక్కువ దూరం కొట్టే కర్రలు. 6 ఐరన్ దాటాక 5, 4 ఐరన్‌లు, ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకమైన హైబ్రిడ్‌లు, పెద్ద తల ఉండే వుడ్‌లు, అన్నిటికన్నా దూరం కొట్టే డ్రైవర్ దాకా. ఒకే రకంలో అంకె తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది. దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్‌ల విషయంలో మనవాళ్ల లెక్క చాలా పక్కాగా ఉంటుంది. లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం, 46, 50, 54, 58 అని నాలుగేసి డిగ్రీల తేడాతో ఏరికోరి పెట్టుకుంటారు. అదే మనిషిని "మీ 4 ఐరన్ గాల్లో ఎంత దూరం పోతుంది, దాని పైనున్న హైబ్రిడ్ ఎంత పోతుంది?" అని అడిగి చూడండి. కాస్త ఆలోచించి "రెండూ ఇంచుమించు ఒకటేనండీ" అంటారు. రెండూ ఒకటే అయినప్పుడు రెండెందుకు మోస్తున్నట్టు? ఈ గంటసేపు నేను చెప్పబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక ఆటగాణ్ణి ఊహించుకుందాం. 7 ఐరన్‌తో బంతి 140 గజాలు గాల్లో వెళ్తుంది. 6 ఐరన్ 150. ఇంతవరకు బాగుంది. 5 ఐరన్ 158, 4 ఐరన్ 162, 19 డిగ్రీల హైబ్రిడ్ 168, 5 వుడ్ 182, 3 వుడ్ బాగా తగిలిన రోజున 185, డ్రైవర్ 205. ఇప్పుడు ఈ అంకెల్ని ఒక వరసలో పెట్టి చూడండి. 158కి 168కి మధ్య, అంటే 10 గజాల్లో, మూడు క్లబ్బులు ఇరుక్కున్నాయి. ఆ తర్వాత 14 గజాల ఖాళీ. మళ్లీ మూడు గజాల తేడాతో రెండు వుడ్‌లు. ఇతనికి జెండా 175 గజాల్లో ఉంటే చేతిలోకి తీసుకోవడానికి ఏదీ లేదు. హైబ్రిడ్‌ని బలంగా బాదాలి, లేదా 5 వుడ్‌ని తగ్గించి కొట్టాలి. రెండూ ప్రమాదమే. తప్పు అతని స్వింగ్‌లో ఉందని అతను అనుకుంటాడు, పాపం. స్వింగ్‌లో ఏమీ లేదు. కొట్టాల్సిన దూరానికి క్లబ్ లేదు, అంతే.

నియమం మనందరికీ తెలుసు, బ్యాగులో 14 క్లబ్బులకు మించకూడదు. గోల్ఫ్ నియమాలు చూసే సంస్థలు, అమెరికాలో యుఎస్‌జీఏ 1938లో, బ్రిటన్‌లో ఆర్ అండ్ ఏ 1939లో ఈ పరిమితి పెట్టాయి. అంతకుముందు ఇరవైకి పైగా క్లబ్బులు మోయించిన మేటి ఆటగాళ్లున్నారు. ప్రతి పది గజాలకీ ఒకటి, ప్రతి అరదెబ్బకీ ఒకటి. ఇప్పుడు ఆ సౌకర్యం లేదు. బంతిని గుంతలోకి దొర్లించే పుటర్ తీసేస్తే మిగిలేవి 13. అందులో ఒకే పని చేసే క్లబ్బులు రెండుంటే, ఇంకెక్కడో ఒక పని చేసే క్లబ్ లేనట్టే.

1950 యుఎస్ ఓపెన్ గుర్తు చేస్తాను. మెరియన్ కోర్సు, చివరి రోజు, 18వ హోల్. అమెరికా మేటి ఆటగాడు బెన్ హోగన్ 1 ఐరన్‌తో గ్రీన్ (జెండా ఉండే నున్నటి పచ్చిక) మీదికి కొట్టిన ఆ దెబ్బ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. మర్నాడు ప్లేఆఫ్‌లో గెలిచాడు. అంతకు ముందు ఏడాదే కారు ప్రమాదంలో చావు తప్పించుకుని బయటపడ్డ మనిషి. ఆ దెబ్బ గురించి అందరూ చెప్పుకుంటారు, దానికి ముందు బ్యాగులో జరిగిన మార్పు గురించి తక్కువమంది చెప్పుకుంటారు. ఆ కోర్సులో తనకు 7 ఐరన్‌తో పనిపడదని లెక్కేసుకుని దాన్ని పక్కనపెట్టి వచ్చాడంటారు. నాకు ఆ దెబ్బకన్నా ఆ లెక్కే గొప్పగా తోస్తుంది. ఏ దూరాలు ఎదురవుతాయో ముందు చూశాడు, దాన్నిబట్టి క్లబ్బులు పెట్టుకున్నాడు. మనం దీనికి తలకిందులుగా చేస్తాం. సెట్‌లో వచ్చినవన్నీ పెట్టేసుకుని తర్వాత దూరాల కోసం వెతుక్కుంటాం.

సరే, ఈ ఇరుకు ఎందుకు వస్తుంది? ఇక్కడ కాస్త నింపాదిగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చేసుకోగలరు.

ఒక ఐరన్ నుంచి పై ఐరన్‌కి వెళ్లినప్పుడు మూడు మార్పులు జరుగుతాయి. లాఫ్ట్ మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. షాఫ్ట్, అంటే క్లబ్ కాడ, సుమారు అర అంగుళం పెరుగుతుంది. బంతి వేగం పెరుగుతుంది. వేగం పెరిగింది కాబట్టి దూరం పెరగాలి, పొట్టి ఐరన్‌లలో అలాగే పెరుగుతుంది కూడా. కానీ లాఫ్ట్ తగ్గేకొద్దీ బంతి లేచే కోణం తగ్గుతుంది, వెనక్కి తిరిగే స్పిన్ కూడా తగ్గుతుంది. బంతిని గాల్లో నిలబెట్టేది ఆ స్పిన్నూ వేగమూ కలిసి ఇచ్చే లిఫ్టే, అంటే పైకెత్తే బలమే. వేగం బాగా ఉన్నవాడికి లాఫ్ట్ తగ్గినా వేగం ఆ లోటు పూడుస్తుంది. వేగం తక్కువున్నవాడికి ఒక దశ వస్తుంది, అక్కడినుంచి లాఫ్ట్ తగ్గిస్తే లాభం ఉండదు. బంతి ఇంకాస్త వేగంగానే బయల్దేరుతుంది కానీ తగినంత పైకి లేవకుండా ముందే నేలకు దిగిపోతుంది. దూరం ఆగిపోయేది అక్కడే. మన ఊహల్లోని ఆటగాడికి 5 ఐరన్‌కీ 4 ఐరన్‌కీ మధ్య నాలుగు గజాలే తేడా ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా.

అమెరికాలో వృత్తి ఆటగాళ్లు ఆడే పీజీఏ టూర్ సగటు అంకెలు, బంతి ప్రయాణాన్ని కొలిచే పరికరాలు చేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ కొన్నేళ్ల కిందట ప్రచురించింది. అందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం దూరం కాదు, ఎత్తు. వెడ్జ్ నుంచి డ్రైవర్ దాకా ఏ క్లబ్ తీసుకున్నా వాళ్ల బంతి అందుకునే గరిష్ఠ ఎత్తు దాదాపు 30 గజాలే. అన్నీ ఒకే ఎత్తు! ఆ ఎత్తు నిలబెట్టుకోగలిగారు కాబట్టే వాళ్ల ఐరన్‌ల మధ్య పది పన్నెండు గజాల తేడా పైదాకా చెదరకుండా ఉంటుంది. 7 ఐరన్ 172, 6 ఐరన్ 183, 5 ఐరన్ 194, 4 ఐరన్ 203, 3 ఐరన్ 212. గమనించారా, అంత వేగం ఉన్నవాళ్లకి కూడా పైకి వెళ్లేకొద్దీ పదకొండు కాస్తా తొమ్మిదైంది. ఇక మన సంగతి చెప్పాలా? మన 4 ఐరన్ బంతి 7 ఐరన్ బంతి లేచినంత ఎత్తు లేవకపోతే, ఆ రెంటి మధ్య సక్రమమైన దూరాలు ఆశించకూడదు. కాబట్టి పైక్లబ్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఎత్తు. దూరం ఆ తర్వాత.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. క్లబ్ అడుగున చెక్కిన అంకె. ఒకప్పుడు 7 ఐరన్ అంటే 34, 35 డిగ్రీలు. ఇప్పుడు ఎక్కువమంది కోసం చేసే సెట్లలో అదే 7 ఐరన్ 28, 29 డిగ్రీలకు వచ్చింది. పిచింగ్ వెడ్జ్ 48 నుంచి 43కి దిగింది. బంతి కొత్తగా ఎక్కువ దూరం పోయినట్టు కనిపిస్తుంది. తప్పేమీ లేదు, ఆ క్లబ్ తలల్లో బరువు కిందికి వెనక్కి జరిపి బంతి లేచేట్టు చేస్తున్నారు కూడా. కానీ అదే సెట్‌లో 4 ఐరన్ సంగతేంటి? 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పాత రోజుల్లో 2 ఐరన్‌కి ఇంచుమించు ఉన్న లాఫ్ట్ అది. 2 ఐరన్ కొట్టలేమని ఎప్పుడో వదిలేసిన మనం, పేరు మార్చుకుని వచ్చిన అదే క్లబ్‌ని రోజూ మోస్తున్నాం. అంకె చూడకండి, లాఫ్ట్ చూడండి. తయారీలో ఒక డిగ్రీ అటూఇటూ ఉంటుంది కాబట్టి, వీలైతే కొలిపించుకోండి.

ఇక ఎత్తుకు సంబంధించిందే ఇంకో సంగతి, బంతి దిగే కోణం. పైనుంచి నిటారుగా దిగితే గ్రీన్ మీద ఆగుతుంది. ఏటవాలుగా దిగితే దొర్లిపోతుంది. సుమారు 45 డిగ్రీలకు తగ్గకుండా దిగితే గ్రీన్ మీద నిలుస్తుందని క్లబ్ ఫిట్టింగ్ చేసేవాళ్లు ఒక గుర్తు పెట్టుకుంటారు. టూర్ సగటులో 5 ఐరన్ 49 డిగ్రీల్లో దిగుతుంది, 3 వుడ్ 43లో, డ్రైవర్ 38లో. అందుకే మీ 3 వుడ్ 185 వెళ్తుందంటే నేను వెంటనే అడిగేది, గ్రీన్ మీద ఆగుతుందా? ఆగకపోతే అది టీ (మొదటి దెబ్బకి బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీంచి, పార్ 5 అనే పొడవాటి హోల్స్‌లో రెండో దెబ్బకి పనికొచ్చే క్లబ్. గ్రీన్‌కి కొట్టే క్లబ్బుల వరసలో దాన్ని లెక్కేయకండి.

(సభలోంచి ప్రశ్న: దొర్లితే మంచిదే కదా, దూరం కలిసొస్తుంది?)

మంచి ప్రశ్న. కలిసొస్తుంది, నేల గట్టిగా ఉండి దారిలో అడ్డేమీ లేకపోతే. 2006 ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో హొయ్‌లేక్‌లో టైగర్ వుడ్స్ చేసింది అదే. ఎండకి నేల బాగా గట్టిపడి ఉంది. 72 హోల్స్‌లో డ్రైవర్ ఒక్కసారే వాడాడు. చాలా టీలమీద 2 ఐరన్‌తో తక్కువ ఎత్తులో కొట్టి బంతిని దొర్లించి, బంకర్ల (ఇసుక గుంతల) ఇవతలే ఆపుకున్నాడు. గెలిచాడు. ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న ఉదాహరణ చూడండి. 2020 నవంబర్‌లో ఆగస్టా కోర్సులో డస్టిన్ జాన్సన్ 268 స్ట్రోకులతో మాస్టర్స్ పోటీ రికార్డు పెట్టాడు. ఆయన బ్యాగులో 21 డిగ్రీల 7 వుడ్ ఉంది. అంత బలంగా కొట్టే మనిషికి 3 ఐరన్ కొట్టడం చేతకాక కాదు. మెత్తగా, ఎత్తునుంచి దిగే బంతి కావాలి ఆయనకి. ఇద్దరూ ప్రపంచంలోకెల్లా మేటి ఆటగాళ్లు, ఇద్దరూ ఇంచుమించు ఒకే దూరానికి పూర్తిగా వేరే క్లబ్ ఎంచుకున్నారు. నేల ఏం అడుగుతుందో దాన్నిబట్టి ఎంచుకున్నారు. మీరు రోజూ ఆడే చోట గ్రీన్ ముందు బంకరో నీళ్లో ఉంటే, దొర్లే గజాల్ని లెక్కలో వేసుకోకండి. నేను అందుకే క్యారీ మాత్రమే రాసుకోమంటాను. బంతి మొదట నేల తాకేచోటు వరకు ఎంత, అంతే.

ఆ క్యారీ ఎలా కొలవాలి? బంతి వేగం, ఎత్తు, దూరం కొలిచే లాంచ్ మానిటర్ ఉంటే మంచిది. లేకపోతే దూరాల గుర్తులున్న మైదానం, దూరం కొలిచే పరికరం చాలు. ఒక్కో క్లబ్‌తో పది పన్నెండు బంతులు కొట్టండి. అన్నిటికన్నా దూరంగా పోయిన బంతిని మర్చిపోండి, అది మీ దూరం కాదు. బాగా తప్పినవి ఒకటి రెండు తీసేసి, మిగతావాటిలో మధ్యలో పడ్డదాన్ని రాసుకోండి. టీ మీద కాదు, నేలమీంచి కొట్టండి. డ్రైవర్‌కి తప్ప. ప్రాక్టీస్ మైదానంలో ఇచ్చే బంతులు మామూలు బంతులకన్నా తక్కువ దూరం పోతాయి, మీరు ఆడే బంతినే వాడండి. అలసిపోయాక పైక్లబ్బులు కొలవద్దు, ముందు అవే కొలవండి. చలిగాలిలో బంతి తక్కువ పోతుంది, ఎత్తైన ప్రదేశంలో ఎక్కువ పోతుంది, కాబట్టి అన్నీ ఒకే రోజు ఒకేచోట కొలిస్తేనే పోల్చడానికి వీలవుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: దూరంతో పాటు పక్కకి ఎంత చెదిరిందో కూడా రాయండి. 172 వెళ్లే క్లబ్ ఇరవై గజాలు అటూఇటూ చెదిరితే, 168 వెళ్లి సూటిగా పోయేది దానికన్నా నయం.

ఇప్పుడు ఎంపిక. నేను డ్రైవర్‌తో మొదలుపెట్టను. మీరు ఎప్పుడు కొట్టినా ఒకేలా పోయే అన్నిటికన్నా పొడవైన ఐరన్ ఏదో అక్కడ మొదలుపెడతాను. మన ఆటగాడికి అది 6 ఐరన్, 150 గజాలు. దాని పైన 10 నుంచి 14 గజాల తేడాతో ఒక్కో క్లబ్ పెంచుకుంటూ పోవాలి. పైకి వెళ్లేకొద్దీ తేడా కాస్త పెరిగినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ దూరాల్లో ఎవరి బంతైనా ఎక్కువే చెదురుతుంది. 5 ఐరన్ తీసేసి 25 డిగ్రీల హైబ్రిడ్ పెడదాం, 161 వస్తుంది. 4 ఐరన్, 19 డిగ్రీల హైబ్రిడ్ రెండూ తీసేసి 21 డిగ్రీల 7 వుడ్ పెడదాం, 172. 5 వుడ్ ఉన్నదే, 182. దానికి మూడు గజాలే ఎక్కువ పోయే 3 వుడ్‌ని తీసేద్దాం. ఆ పైన డ్రైవర్, 205. ఇప్పుడు చూడండి: 150, 161, 172, 182, 205. ఆరు క్లబ్బులు చేయలేని పని నాలుగు చేశాయి. రెండు చోట్లు మిగిలాయి. ఆ 175 గజాల జెండాకి ఇప్పుడు 7 వుడ్ ఉంది, పైగా బంతి ఎత్తునుంచి దిగుతుంది.

5 వుడ్‌కీ డ్రైవర్‌కీ మధ్య 23 గజాల ఖాళీ ఉందని కొందరు కంగారు పడతారు. అక్కర్లేదు. టూర్ సగటుల్లోనే డ్రైవర్ 275, 3 వుడ్ 243, అంటే 32 గజాల తేడా. ఎల్‌పీజీఏ అనే ఆడవాళ్ల టూర్ సగటుల్లో డ్రైవర్ 218, 3 వుడ్ 195, అక్కడా 23. డ్రైవర్ టీ మీంచి, పొడవాటి షాఫ్ట్‌తో, పైకి లేపుతూ కొట్టే క్లబ్, దాని తరగతి వేరు. అక్కడ ఖాళీ ఉండటం సహజం. సరిగ్గా 195 గజాల్లో గ్రీన్ మీద బంతి ఆపాల్సిన అవసరం ఇలాంటి ఆటగాడికి ఎన్నిసార్లు వస్తుంది? ఎల్‌పీజీఏ అంకెలు అన్నాను కదా, అవి మనలో చాలామందికి టూర్ మగవాళ్ల అంకెలకన్నా ఎక్కువ పనికొస్తాయి. వాళ్ల 7 ఐరన్ 141, 7 వుడ్ 174, 5 వుడ్ 185. మన ఊహల్లోని ఆటగాడికి దాదాపు అదే వేగం. వాళ్ల బ్యాగుల్లో 7 వుడ్, 9 వుడ్, హైబ్రిడ్‌లు ఎందుకు కనిపిస్తాయో శ్రద్ధగా చూసి నేర్చుకోవాలి. వాటిని బలం లేనివాళ్ల క్లబ్బులని చిన్నచూపు చూసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జాన్సన్ సంగతి ఇప్పుడే కదా చెప్పుకున్నాం.

వుడ్‌నీ హైబ్రిడ్‌నీ కలిపి వాడేటప్పుడు ఒక జాగ్రత్త. లాఫ్ట్ ఒకటే అయినంత మాత్రాన దూరం ఒకటి కాదు. 5 వుడ్ షాఫ్ట్ 42 అంగుళాల పైన ఉంటుంది, హైబ్రిడ్‌ది 40 దరిదాపుల్లో ఉంటుంది. 18 డిగ్రీల వుడ్, 19 డిగ్రీల హైబ్రిడ్ పక్కపక్కన పెట్టుకుంటే మధ్య తేడా చాలా పెద్దదిగా రావచ్చు. 21 డిగ్రీల వుడ్, 19 డిగ్రీల హైబ్రిడ్ అయితే దాదాపు ఒకేచోట పడొచ్చు. అందుకే కాగితం మీద డిగ్రీలు సమానంగా పేర్చుకుని సంతోషపడొద్దు. సమానంగా ఉండాల్సింది బంతి పడే చోట్లు.

ఏది మంచిది, వుడ్డా హైబ్రిడ్డా? ఎత్తు కావాలంటే, ఎక్కువగా ఫెయిర్‌వే (పొట్టిగా కోసిన గడ్డి) మీంచి కొడతారంటే వుడ్. రఫ్ (పెరిగిన గడ్డి) లోంచి ఎక్కువ కొట్టాల్సి వస్తే హైబ్రిడ్, దాని తల చిన్నది, గడ్డిలోంచి దూసుకొస్తుంది. బంతి ఎడమచేతివైపు వంకర తిరిగే అలవాటున్న కుడిచేతి ఆటగాళ్లకి కొన్ని హైబ్రిడ్‌లు ఆ వంకరను ఇంకా పెంచుతాయి, వాళ్లు కొట్టి చూసిగానీ ఎంచుకోవద్దు. ఎదురుగాలి ఎక్కువుండే చోట ఎత్తుగా లేచే 7 వుడ్ దూరం బాగా కోల్పోతుంది, అక్కడ యుటిలిటీ ఐరన్ (బంతి తేలిగ్గా లేచేట్టు చేసిన పొడవాటి ఐరన్) కొట్టగలిగిన వేగం ఉన్నవాళ్లు అది పెట్టుకోవచ్చు. షాఫ్ట్ బరువు కూడా వరసలో ఉండాలి. డ్రైవర్ తేలిక, ఫెయిర్‌వే వుడ్ దానికన్నా కొంచెం బరువు, హైబ్రిడ్ ఇంకొంచెం, ఐరన్ అన్నిటికన్నా ఎక్కువ. మధ్యలో ఒకటి ఉన్నట్టుండి తేలికైతే చేతికి ఆ తేడా తెలుస్తుంది, స్వింగ్ వేగం మారిపోతుంది. తల, షాఫ్ట్ కలిసేచోట లాఫ్ట్ మార్చుకునే మెడ ఉన్న క్లబ్‌తో రెండు మూడు గజాలు సరిచేసుకోవచ్చు. కానీ లాఫ్ట్ పెంచితే ముఖం మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. దిశ మారుతుందని గుర్తుంచుకోండి.

ఇంత శ్రమ అవసరమా అని ఎవరైనా అనుకుంటే ఒక్కమాట. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ లక్షల దెబ్బల్ని విశ్లేషించి చూపించింది ఏమిటంటే, బాగా ఆడేవాళ్లకీ మామూలుగా ఆడేవాళ్లకీ మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి దెబ్బల్లోనే వస్తుంది. మనం వెడ్జ్‌ల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా పైక్లబ్బుల మీద పెట్టాలనడానికి నాకిదే కారణం.

(సభలోంచి ప్రశ్న: మిగిలిన రెండు చోట్లలో ఏం పెట్టాలి? 3 వుడ్ వదిలేయడానికి మనసొప్పట్లేదు.)

మీ పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, తర్వాతది 56 అయితే, మొదటి చోటు 49, 50 డిగ్రీల వెడ్జ్‌ది, అందులో అనుమానం లేదు. రెండో చోట 3 వుడ్ ఉంచుకోండి, కానీ దానికి పని చెప్పి ఉంచుకోండి. ఇరుకైన హోల్స్‌లో టీ మీంచి డ్రైవర్ బదులు కొట్టడానికి. టీ మీద పెడితే అదే 3 వుడ్ నేలమీద కన్నా ఎక్కువ ఎత్తు లేస్తుంది, కాబట్టి 5 వుడ్‌కీ దానికీ మధ్య ఆ మూడు గజాల తేడా కూడా పెరుగుతుంది. టీ మీంచి పది బంతులు కొట్టి కొలవండి. 5 వుడ్‌కన్నా పది గజాలైనా ముందుకు పోతే ఉంచండి. పోకపోతే దాని స్థానంలో 16, 17 డిగ్రీల 4 వుడ్ ప్రయత్నించండి, షాఫ్ట్ కాస్త పొట్టి, బంతి తేలిగ్గా లేస్తుంది. అప్పుడు 5 వుడ్ బదులు ఈ ఒక్కటే సరిపోతుందేమో కూడా చూడొచ్చు, కింద 7 వుడ్ ఎలాగూ ఉంది. ఆ రెంటి మధ్య 14, 15 గజాలకు మించి రాకపోతే అదే పెట్టుకోండి, ఇంకో చోటు కూడా మిగులుతుంది.

సరే, లాంచ్ మానిటర్ బయట బిగించి ఉంది. ఒక్కొక్కరు మీ పైక్లబ్బులన్నీ తెచ్చుకోండి, ముందు లాఫ్ట్‌లు కొలుద్దాం.